ఖోంగ్‌సరాలో ఆగిపోయిన పాట

నెలలో ఆఖరి శనివారం వచ్చిందంటే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో సగంమంది మగాళ్ళు పొద్దున్నించీ బుద్ధిగా ఉండేవారు. బజారు పని చెబితే మారుమాట్లాడకుండా వెళ్ళొచ్చేవారు, కూరలో ఉప్పు తక్కువైనా నోరెత్తేవారు కాదు. సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌లో అంటే రైల్వే వాళ్ళ క్లబ్బులో, పాటల క్విజ్ ఉంటుంది, దాంతోపాటు బార్ కౌంటరూ తెరుస్తారు. ఈ రెండిటికీ ఇంట్లోంచి అనుమతి కావాలి. కొందరు తెలివైనవాళ్ళు ఈ గొడవంతా ఎందుకని భార్యల్నే జట్టులో చేర్చుకున్నారు. లోకో డ్రైవరు బంగార్రాజు అలాంటివాడు. అతని భార్య అప్పయమ్మకి పాటలంటే ప్రాణం. నిమ్మసోడా ముందు పెట్టుకుని, మొగుడి గ్లాసు మీద ఓ కన్నేసి ఉంచి, రెండో కంటితో క్విజ్ ఆడేది.

వాళ్ళ జట్టుకి కెప్టెన్ గోవిందరావు, గూడ్సు గార్డు. నలభై దాటాయి, పెళ్ళి కాలేదు. కాకపోవడానికి పెద్ద కథేమీ లేదు. పెళ్ళిచూపులకని విజయనగరం బయల్దేరినప్పుడల్లా డ్యూటీ పడేది. అలా కొన్నిసార్లయ్యాక ముందు ఆడపిల్లలవాళ్ళకి విసుగొచ్చింది, తరవాత ఇతనికీ వచ్చింది. మనిషి మంచివాడే గాని ఎదురుగా నలుగురుంటే గొంతు పెగలదు. అలాంటివాణ్ణి కెప్టెన్‌గా ఎందుకు పెట్టారయ్యా అంటే, మిగిలిన మగాడు బంగార్రాజు. రెండో గ్లాసు తరవాత తెలిసిన జవాబు కూడా తప్పు చెబుతాడు.

నాలుగో మనిషి జ్యోతిర్మయి, రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. తండ్రి డ్యూటీలో పోతే ఆవిడకి ఆ ఉద్యోగమిచ్చారు. ఆ జీతంతో ఇద్దరు తమ్ముళ్ళని చదివించింది, పెళ్ళిళ్ళు చేసింది, వాళ్ళకి విశాఖపట్నంలో ఉద్యోగాలొస్తే తల్లిని కూడా వాళ్ళతో పంపింది. తను మాత్రం కాలనీలో మిగిలిపోయింది. ఆవిడ ఏ పాట విన్నా, ఆ పాటని మొదటిసారి ఎక్కడ విందో అక్కడి గాలీ వానా వాసనా వచ్చి ఆవిడ చుట్టూ చేరేవి. పాట అయిపోగానే వెళ్ళిపోయేవి. చిన్నతనమంతా భీమిలిలో అమ్మమ్మ దగ్గర గడిచింది కనక ఎక్కువగా సముద్రమే వచ్చేది. సరుగుడు తోపుల్లోంచి గాలి వీచేది, ఎండుచేపల వాసన కొట్టేది, ఒక్కోసారి గచ్చు మీద ఇసక పడేది. ఇన్‌స్టిట్యూట్ స్వీపరు ఆదివారం పొద్దున్నే ఆ ఇసక ఊడ్చి, తోటలో గులాబీ కుండీల్లో పోసేవాడు.

దీనివల్ల జట్టుకి లాభమే జరిగేది. గాలిలో మతాబాల పొగ వచ్చిందంటే ఆ ఏడు దీపావళికొచ్చిన సినిమా అన్నమాట, పనసపండు వాసనొస్తే వేసవి సెలవుల్లోది. అప్పయమ్మ వాసన చూసి సినిమా పేరు గోవిందరావు చెవిలో వేసేది. అవతల గట్టి జట్టు బొగ్గు ఆఫీసువాళ్ళది. వాళ్ళ కెప్టెన్ జయప్రకాష్ ఇది ఆటలో న్యాయం కాదని ఒకసారి అనబోతే, వాళ్ళావిడే మోచేత్తో పొడిచి ఊరుకోబెట్టింది. బిలాస్‌పూర్ ఎండల్లో సముద్రపుగాలి ఎవరికి చేదు? ఘోష్‌బాబు మాత్రం ఒక షరతు పెట్టాడు. ఆయన బదిలీల కాయితాలు చూసే పర్సనల్ బ్రాంచిలో హెడ్ క్లర్కు, క్విజ్ నడిపేదీ ఆయనే, గ్రామఫోను రికార్డులన్నీ ఆయన సొంతం. అవి తడవకుండా జ్యోతిర్మయి టేబిలు దూరంగా కిటికీ పక్కన వెయ్యాలన్నాడు. అందరూ సబబే అన్నారు.

గోవిందరావుకి ఆవిడంటే ఇష్టం. ఎప్పటినించో అడిగితే చెప్పలేడు. పొద్దున్న లేవగానే గుర్తొచ్చేది, బ్రేకువాన్‌లో ఒక్కడూ కూర్చుని వెనక్కి పరిగెత్తే పట్టాలు చూస్తుంటే గుర్తొచ్చేది. ఆ ఇష్టం లోపల్లోపలే ముదిరి ఆకలిలాగా అయిపోయింది. ఆవిడ ఎదురుగా కూర్చున్న సాయంత్రం కూడా, ఆవిడ ఇంకా రాలేదేమో అన్నట్టు ఎదురుచూస్తూనే ఉండేవాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ మనిషి అడగడు సరికదా, చేతిలో ఉన్నది కూడా ఇచ్చేసే రకం.

అదే చేశాడు. సముద్రం వచ్చినప్పుడల్లా జ్యోతిర్మయి కళ్ళమ్మట నీళ్ళు కారేవి. ఆవిడ పమిట చెంగుతో ఒత్తుకునేది. అది చూసి చూసి గోవిందరావు గుండె నలిగిపోయింది. అయినవాళ్ళందరూ అక్కడ, ఈవిడ ఒక్కర్తీ ఇక్కడ, ఎంత బెంగగా ఉందో పాపం అనుకున్నాడు. మామూలు మనిషైతే ఎందుకేడుస్తున్నారని అడుగుతాడు. రైల్వే మనిషి కనక మ్యూచువల్ వెతికాడు.

మ్యూచువల్ అంటే ఇక్కడి ఉద్యోగి అక్కడికీ, అక్కడి ఉద్యోగి ఇక్కడికీ ఇష్టపడి మారడం. విశాఖపట్నంలో, అంటే రైల్వేవాళ్ళ వాల్తేరులో, సరిగ్గా అదే ఉద్యోగంలో ఉండి, బిలాస్‌పూర్ రావాలని కోరుకునేవాడు దొరకాలి. వాల్తేరులాంటి ఊరొదిలి ఈ ఎండల్లోకి ఎవడొస్తాడు? పిల్లకి సంబంధం వెతకడం ఇంతకన్నా తేలిక. గోవిందరావు ఏడాదిపాటు, రైలు ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊరి రన్నింగ్ రూములో, డ్యూటీ దిగి అన్నాలు తింటున్న ప్రతి గార్డునీ ప్రతి డ్రైవర్నీ వాకబు చేశాడు. ఎదురుగా నలుగురుంటే నోరు పెగలని మనిషి ఆ ఒక్క విషయం మాత్రం ఎవర్నైనా అడిగేవాడు. చివరికి వాల్తేరు ఎక్స్ఛేంజిలో పైడిరాజు అని ఒకాయన దొరికాడు. భార్య ఇక్కడికి దగ్గర్లో మస్తూరీలో టీచరు, ఎలాగైనా ఇటు వచ్చెయ్యాలని తపించిపోతున్నాడు.

ఆ కబురు గోవిందరావు ఫోన్లోనే చెప్పాడు. అవతల్నించి కాసేపు చప్పుడు లేదు. తరవాత జ్యోతిర్మయి, "అలగేనండి. మీరింత కష్టపడ్డారు కదా," అంది. సంతోషంతో మాట రాలేదు కాబోలనుకుని, ఆ రోజు అతను అన్నం తినకుండా పడుకున్నాడు.

కాయితాలు కలకత్తా హెడ్డాఫీసుకి వెళ్ళాయి, మంజూరై వచ్చాయి. సోమవారం ఘోష్‌బాబు ఎదుట ఆవిడ చివరి సంతకం పెడితే అయిపోయినట్టే. ఆ మే నెల శనివారం ఆవిడకి బిలాస్‌పూర్‌లో ఆఖరి క్విజ్.

జట్టంతా ముందుగానే వచ్చి కూర్చుంది. అప్పయమ్మ ఊరవతల ఉస్లాపూర్ నించి తెప్పించిన మల్లెపూలు జ్యోతిర్మయి జడలో పెట్టింది. క్యాంటీన్ కుర్రాడు మిరపకాయ భజియాలు తెచ్చి పెట్టాడు. బంగార్రాజు మొదటి గ్లాసులోనే దిగులుపడి, ఈ రోజు గెలిచి జ్యోతిర్మయి గారికి కప్పు ఇచ్చి పంపాలని అందరిచేతా ఒట్టు వేయించాడు. గోవిందరావు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. భజియా చేత్తో పట్టుకుని తినడం మర్చిపోయాడు. ఇంక రెండ్రోజులు, ఆ తరవాత ఎక్స్ఛేంజికి ఫోను చేస్తే వేరే గొంతు పలుకుతుంది అన్న ఆలోచన తప్ప అతని బుర్రలో ఇంకేమీ లేదు.

ఆట మొదలైంది. ఒక హిందీ పాటకి భీమిలి లైట్‌హౌస్ దగ్గరి గాలి వచ్చి, హాల్లో ఆడవాళ్ళంతా హాయిగా నిట్టూర్చారు. ఇంకో పాటకి తీరం మీది హోరుగాలి లేచింది. జ్యోతిర్మయి కళ్ళు ఒత్తుకుంది. గోవిందరావు మొహం తిప్పుకుని కిటికీలోంచి బయట ఎండిపోయిన గడ్డి కేసి చూస్తూ జవాబు చెప్పాడు. చివరికొచ్చేసరికి వీళ్ళ జట్టూ, బొగ్గు ఆఫీసు జట్టూ సమానంగా నిలిచాయి.

సమానమైతే ఘోష్‌బాబు రికార్డులు పక్కనపెట్టి మౌత్ ఆర్గన్ తీసేవాడు. మాటలుండవు, ఉత్త బాణీ, అదీ పల్లవి మాత్రమే. ముందు అవకాశం చీటీల్లో గోవిందరావు జట్టుకొచ్చింది. ఘోష్‌బాబు ఖరగ్‌పూర్‌లో పెరిగినవాడు, అక్కడి తెలుగు ఇళ్ళల్లో విన్న పాత పాట ఒకటి ఎత్తుకున్నాడు.

సముద్రం రాలేదు.

ముందు చల్లదనం వచ్చింది. ఆ తరవాత తడిసిన సరై చెట్ల, అంటే గుగ్గిలం చెట్ల, ఆకుల వాసన, కిరసనాయిలు లాంతరు వాసన. కిటికీ కింద నేల మీంచి పొగమంచు లేచి, టేబిలు ఎక్కి, భజియాల పళ్ళేన్ని కప్పేసి, మెల్లిగా హాలంతా పరుచుకుంది. ఎక్కడో ఎత్తు ఎక్కలేక ఇంజను ఆయాసపడుతోంది.

బంగార్రాజు ముక్కు ఎగబీల్చి, "ఇది ఖోంగ్‌సరా కదేటి?" అన్నాడు. కట్నీ లైన్లో కొండెక్కే ముందు వచ్చే చిన్న స్టేషను అది. అడవి తప్ప ఏమీ ఉండదు. గూడ్సుబళ్ళు లూపు లైన్లో పడి, పాసింజర్లు వెళ్ళేదాకా ఎదురుచూస్తూ ఉంటాయి. "జ్యోతిర్మయి గారెప్పుడూ ఆ లైన్లో వెళ్ళనేలేదు గదా," అని అప్పయమ్మ అంది. అని, మాట మధ్యలోనే ఆపేసి గోవిందరావు వైపు చూసింది.

ఆ స్టేషను గోవిందరావుకి బాగా తెలుసు. ఖోంగ్‌సరాలో బండి ఆగిపోయినప్పుడల్లా అతను స్టేషన్ మాస్టరు గదిలోంచి ఎక్స్ఛేంజికి ఫోను చేసి, ఆలస్యమవుతుందని చెప్పడానికి లాబీకి కలపమని అడిగేవాడు. లాబీ అంటే గార్డులు డ్యూటీ ఎక్కే దిగే ఆఫీసు. జ్యోతిర్మయి లైను ఖాళీ లేదు, ఉండండి అనేది. ఉన్నంతసేపూ రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని, ఎవరూ వినడంలేదనుకుని ఈ పాట కూనిరాగం తీసేవాడు. పల్లవి అయ్యేసరికి సిగ్నల్ పడేది. ఫోను పెట్టేసి, బండి తోకన ఉండే బ్రేకువాన్ దాకా పరిగెత్తేవాడు. ఆవిడ ఆ పాట విన్నది ఎక్స్ఛేంజి గదిలో, ఆ తీగల మధ్య, ఆ ఫ్యాను కింద. న్యాయంగా రావలసింది ఆ గది. వచ్చింది మాత్రం అతను నిలబడ్డ చోటు.

బాణీ ఆగింది. గంట కొట్టి ఘోష్‌బాబు జవాబడిగాడు. సినిమా పేరు గోవిందరావుకి తన పేరంత బాగా తెలుసు. నోరు తెరిచాడు, మాట రాలేదు. బంగార్రాజు టేబిలు కింద కాలితో తన్నాడు, అప్పయమ్మ గిచ్చింది. రెండో గంట కొట్టారు. జయప్రకాష్ లేచి సినిమా పేరు చెప్పాడు, సరైనదే. కప్పు బొగ్గు ఆఫీసువాళ్ళకి వెళ్ళిపోయింది. చప్పట్లు కూడా మంచులో తడిసినట్టు మెత్తగా వినిపించాయి.

పాటైపోతే పోవలసిన మంచు మాత్రం పోలేదు. ఇంకా చిక్కబడింది. పక్క కుర్చీ కనపడకుండా పోయింది. ఎదురుగా రెండడుగుల్లో కూర్చున్న జ్యోతిర్మయి గొంతు ఒక్కటే వచ్చింది, అచ్చం ఫోన్లో వచ్చినట్టు.

"గోవిందరావు గారూ."

ఆవిడ మొహం కనపడకపోవడంతో అతనికి ప్రాణం లేచొచ్చింది. "చెప్పండి," అన్నాడు.

"నన్ను వాల్తేరు పంపించీడానికి అంత కష్టపడ్డారెందుకండి? నేనడిగేనా?"

"అడగలేదండి. సముద్రం వచ్చినప్పుడల్లా మీరు ఏడుస్తుంటే చూడలేకపోయాను."

"ఏడవడమేటండి? భీమిలి గాలికి ఇసక లేస్తాది. కంట్లో ఇసక పడితే నీళ్ళు కారవా?"

మంచులో ఎక్కడో అప్పయమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. గోవిందరావుకి ఏడాదిపాటు తిరిగిన రన్నింగ్ రూములన్నీ వరసగా కళ్ళముందు కనపడ్డాయి. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ రెండిటికన్నా ఎక్కువగా ఆశ పుట్టింది.

"మరి వద్దని చెప్పొచ్చు కదండీ," అన్నాడు.

"ఎవరికి చెప్పమంటారు? వెళ్ళిపొమ్మని దారి చూపించినోరికి, ఉండిపోతానని ఎలగ చెప్పీది?" అని, ఆవిడే మళ్ళీ అందుకుంది. "మీరు లాబీకి కలపమన్నప్పుడల్లా లైను ఖాళీ లేదన్నాను చూడండి. ఆ లైను ఖాళీగానే ఉండీదండి. మీరు ఫోను పెట్టీకుండా ఉంటారని అలగన్నాను."

గోవిందరావు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఇన్నేళ్ళూ తనొక్కడే ఎదురుచూస్తున్నాననుకున్నాడు. తీగకి అటు చివర ఇంకో మనిషి కూడా అలాగే కూర్చుని ఉందని, అదే తీగ చెవికి ఆనించుకుని ఉండి కూడా తెలుసుకోలేకపోయాడు. పోయిన సంవత్సరాలన్నిటి మీదా అతనికి పట్టరానంత బెంగ కలిగింది.

అవతల్నించి ఘోష్‌బాబు హిందీలో మొత్తుకోవడం మొదలుపెట్టాడు. రికార్డుల అట్టలు మెత్తబడిపోతున్నాయి, ఈ స్టేషను ఎవరిదో వాళ్ళు దయచేసి తీసుకుపోండి అని. మంచెందుకు పోవడంలేదని బంగార్రాజు అడిగాడు.

"ఆ పాట నాకు పల్లవి దాకానే తెలుసు," అంది జ్యోతిర్మయి. "ఎప్పుడూ సిగ్నల్ పడిపోనాదని ఈయన వెళ్ళిపోయేవారు. నా వరకూ ఆ పాట ఇంకా అవ్వలేదు. అవ్వని పాట ఎలగ పోతాది?"

ఇంక చెయ్యవలసిందేమిటో హాల్లో అందరికీ అర్థమైంది. కుర్చీల చప్పుళ్ళు ఆగాయి. బార్ కౌంటరు దగ్గర గ్లాసులు కడిగేవాడు కూడా కుళాయి కట్టేశాడు. గోవిందరావు తన జన్మలో మనుషుల ముందు పాడలేదు. బ్రేకువాన్‌కీ, అడవికీ, ఫోనుకీ తప్ప ఎవరికీ అతని పాట తెలియదు. అప్పయమ్మ తడుముకుంటూ వచ్చి వీపు మీద చెయ్యి వేసి, "పాడు తమ్ముడూ, ఎవరూ కనపడడం లేదు కదా," అంది.

టేబిలు అంచు పట్టుకుని లేచి, చరణం ఎత్తుకున్నాడు.

మొదటి మాటలో గొంతు జీరపోయింది. రెండోసారి ఎత్తుకున్నాడు. గొప్ప గొంతేమీ కాదు, శ్రుతి ఒకటి రెండుచోట్ల పక్కకి జరిగింది. కానీ ఎన్నో ఏళ్ళుగా సిగ్నల్ కింద వదిలేసి పరిగెత్తిన మాటలన్నీ ఒక్కొక్కటే ఇప్పుడు బయటికొస్తున్నాయి. అతను కళ్ళు మూసుకునే పాడాడు, అందుకని మంచు ఎప్పుడు పల్చబడిందో చూడలేదు. ముందు బార్ కౌంటరు బయటపడింది, ఆ తరవాత ఘోష్‌బాబూ ఆయన ఒళ్ళో దాచుకున్న రికార్డులూ, ఆ తరవాత పైన తిరుగుతున్న ఫ్యాన్లూ. సరై ఆకుల వాసన తగ్గి, మిరపకాయ భజియాల వాసన, బీరు వాసన, కూలరు తడకల వట్టివేళ్ళ వాసన వచ్చాయి. ఉక్కపోత వచ్చింది. చరణం పూర్తయ్యేసరికి బిలాస్‌పూర్ ఇన్‌స్టిట్యూటే ఉంది, ఇంకే ఊరూ లేదు. ఆవిడ ఆ చరణాన్ని మొదటిసారి వింటున్నది ఇక్కడే మరి.

గోవిందరావు కళ్ళు తెరిచాడు. జ్యోతిర్మయి పమిట చెంగు అందుకోలేదు, బుగ్గల మీంచి నీళ్ళు కారుతుంటే కారనిచ్చింది. తరవాత వెనక్కి తిరిగి ఘోష్‌బాబుతో, సోమవారం తన కాయితం బయటికి తియ్యొద్దని, తను సంతకానికి రావడంలేదని హిందీలో చెప్పింది. ఘోష్‌బాబు రికార్డులు తుడుచుకుంటూ, మంజూరైన మ్యూచువల్ ఇలా కాదంటే కలకత్తాకి తనేం జవాబు రాసుకోవాలని గొణిగాడు. గొణిగి, రాసుకుంటాలే అన్నాడు. పైడిరాజు సంగతేమిటని బంగార్రాజు అడిగితే, ఆయనకి ఇంకొకర్ని వెతికేదాకా నిద్రపోనని గోవిందరావు ఒట్టేశాడు. ఇంతమంది ముందు అన్ని మాటలు తడబడకుండా చెప్పడం అతనికి అదే మొదలు.

జనం మళ్ళీ కబుర్లలో పడ్డారు. జయప్రకాష్ వాళ్ళావిడ కప్పు తెచ్చి వీళ్ళ టేబిలు మీద పెట్టి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. జ్యోతిర్మయి దాన్ని పక్కకి జరిపి, ముందుకు వంగి, "రెండో చరణం ఉందాండి?" అని అడిగింది.

"ఉందండి," అన్నాడు గోవిందరావు. సంతోషం పట్టలేక వెంటనే గొంతు సవరించుకున్నాడు.

ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"అది ఇక్కడొద్దు. మీ క్వార్టర్లో వింటాను."

గోవిందరావు ఎత్తుకోబోయిన చరణం ఆపేసి, బుద్ధిగా తలూపాడు.